డేటాబేస్‌కూ ఆఫీసు ఫోనుకూ మధ్య ఎన్‌ఎయిట్‌ఎన్: ఏళ్ల తరబడి వాడాక ఒక సమీక్ష

ఫోను మోగుతుండగా చేయవలసిన పని వేరు, ఫోను పెట్టేశాక చేయవలసిన పని వేరు. వ్యాపార ఫోను వ్యవస్థను డేటాబేస్‌తో కలపాలనుకునేవారు ఈ రెండు పనులనూ మొదట్లోనే విడదీసుకుంటే, వేర్వేరు సాఫ్ట్‌వేర్లను కలిపి పనులను వాటంతటవే నడిపించే ఎన్‌ఎయిట్‌ఎన్ (n8n) నమ్మకంగా పనిచేస్తుంది. విడదీయకపోతే ఏ సాధనం తెచ్చినా ఇబ్బంది తప్పదు. 2022 నుంచి దీన్ని రోజూ వాడుతున్న అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

మాది భీమవరంలో పంపుసెట్లు, రొయ్యల చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ మోటార్లు అమ్మి, సర్వీసు కూడా చేసే డీలర్‌షిప్. ఎవరు ఏ మోటారు కొన్నారు, దాని సీరియల్ నంబరు ఏమిటి, వారంటీ ఎప్పటి వరకు ఉంది, ఏ మెకానిక్ ఎప్పుడు వెళ్లి ఏం మార్చాడు అన్న వివరాలన్నీ జాబ్ కార్డుల రూపంలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (క్లుప్తంగా పోస్ట్‌గ్రెస్) డేటాబేస్‌లో ఉంటాయి. రైతులు ఫోన్ చేసే నంబరు ఇంటర్నెట్ ద్వారా ఫోను సేవ అందించే ఒక క్లౌడ్ టెలిఫోనీ సంస్థ ఇచ్చినది. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అని వినిపించే ఐవీఆర్, కాల్ రికార్డింగ్, వచ్చిన కాల్‌ను సిబ్బందికి పంచే ఏర్పాటు ఆ సంస్థవే. ఈ రెండూ ఒకదాని ఊసు మరొకదానికి తెలియకుండా నడిచినంత కాలం ఫోన్ ఎత్తిన మనిషి ప్రతి రైతునూ పేరు, ఊరు, మోటారు ఎన్ని హార్స్‌పవర్లదో అడగవలసి వచ్చేది. వరి రైతుకు అది విసుగు మాత్రమే, రొయ్యల రైతుకు మాత్రం నష్టం. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అతి తక్కువగా ఉంటుంది. ఆ వేళ ఏరేటర్ ఆగితే గంటల్లోనే పంట చేజారిపోవచ్చు. అందువల్ల ఫోను ఎత్తకముందే అది ఎవరి కాలో తెలిసి, సరైన మనిషికి కలవాలన్నది మా అసలు అవసరం. తెర మీద పేరు కనిపించడం ఆ తర్వాతి సౌకర్యం.

ఎన్‌ఎయిట్‌ఎన్ 2019లో బెర్లిన్ నుంచి వచ్చిన సాధనం. ఒక్కో పనికి ఒక్కో నోడ్ పెట్టి, వాటిని గీతలతో కలుపుకుంటూ పోతే వర్క్‌ఫ్లో తయారవుతుంది. సాఫ్ట్‌వేర్‌ను దానికి కావలసిన హంగులతో సహా ఒకే పెట్టెగా నడిపే డాకర్‌తో సొంత సర్వర్‌లో నడుపుకోవచ్చు. సంస్థ అంతర్గత వ్యాపార అవసరాలకు వాడుకుంటే రుసుము లేదు. అయితే దీన్ని పూర్తి ఓపెన్ సోర్స్ అనుకోకూడదు. 2022 మార్చి నుంచి దీనికి సస్టెయినబుల్ యూజ్ లైసెన్స్ వర్తిస్తోంది. దీన్నే ఇతరులకు సేవగా అమ్ముకోవడానికి ఆ లైసెన్స్ ఒప్పుకోదు. మాలాంటి వారికి ఆ షరతు అడ్డం కాదు. ఖర్చు విషయంలో తేడా మాత్రం పెద్దది. ఇదే పని చేసే జేపియర్ వంటి సేవలు వర్క్‌ఫ్లోలో నడిచిన ఒక్కో చర్యనూ లెక్కలోకి తీసుకుంటాయి. ఎన్‌ఎయిట్‌ఎన్ క్లౌడ్‌లో వర్క్‌ఫ్లో మొత్తం ఒకసారి నడిస్తే ఒకటిగానే లెక్క. సొంత సర్వర్‌లో పెట్టుకుంటే ఆ లెక్కే ఉండదు. ఒక్క కాల్‌కు మూడు నాలుగు వర్క్‌ఫ్లోలు కదిలే ఇలాంటి పనిలో, సీజనులో ఫోన్లు ముమ్మరించినప్పుడు, నెల బిల్లును తేల్చేది ఈ తేడాయే.

ఇక ఫోను మోగుతుండగా జరిగేది. కాల్ రాగానే టెలిఫోనీ సంస్థ మన వెబ్‌హుక్‌కు, అంటే ఇలాంటి కబుర్లు అందుకోవడానికి మనం తెరిచి ఉంచిన వెబ్ చిరునామాకు, కాల్ చేసిన నంబరు పంపి, ఈ కాల్‌ను ఎవరికి కలపమంటారని అడుగుతుంది. జవాబు కోసం అది ఆగేది కొద్ది సెకన్లే. ఆ లోపు జవాబు అందకపోతే తన దగ్గర ముందే రాసి ఉంచిన దారిలో కాల్‌ను పంపేస్తుంది. మా వర్క్‌ఫ్లోలో ఈ పనికి నాలుగే నోడ్లు ఉన్నాయి: వెబ్‌హుక్, పోస్ట్‌గ్రెస్, ఇఫ్, రెస్పాండ్ టు వెబ్‌హుక్. వెబ్‌హుక్ నోడ్ నంబరును అందుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ నోడ్ ఒకే ఒక్క రికార్డు చదువుతుంది, ఇఫ్ నోడ్ పగలా రాత్రా, చెరువు రైతా కాదా అని చూస్తుంది, చివరి నోడ్ ఆ కాల్ చేరవలసిన క్యూ (వరుస) పేరు తిరిగి పంపుతుంది. రాత్రి పది దాటాక చెరువు ఉన్న రైతు చేస్తే కాల్ నేరుగా డ్యూటీలో ఉన్న మెకానిక్ సెల్‌కు వెళుతుంది. ఆ వేళ వచ్చే మిగతా కాల్స్‌కు రికార్డు చేసిన మాట వినిపించి, పొద్దున తిరిగి చేయవలసిన జాబితాలో చేరుస్తుంది. ఈ నాలుగు నోడ్లకు ఐదోది చేర్చమని ఎవరు అడిగినా నేను ఒప్పుకోలేదు. ఎస్సెమ్మెస్ పంపడం, లాగ్ రాయడం, మేనేజరుకు కబురు చేయడం, ఇవన్నీ కాల్ కలిశాక చేసుకోవలసిన పనులు.

ఈ చిన్న వర్క్‌ఫ్లోలోనే తెలుసుకోవలసిన సూక్ష్మం ఒకటి ఉంది. ఎన్‌ఎయిట్‌ఎన్‌లో ఒక నోడ్ నుంచి మరో నోడ్‌కు వెళ్లే డేటా ముక్కలను ఐటమ్‌లు అంటారు. క్వెరీకి, అంటే డేటాబేస్‌ను అడిగిన ప్రశ్నకు, ఒక్క రికార్డు కూడా దొరకకపోతే ఐటమ్ ఏదీ బయటికి రాదు. ఐటమ్ రాకపోతే తర్వాతి నోడ్ నడవదు. లోపమేదీ నమోదు కాదు, వర్క్‌ఫ్లో విజయవంతంగా ముగిసినట్టే చూపిస్తుంది, కానీ టెలిఫోనీ సంస్థకు మనం అనుకున్న జవాబు వెళ్లదు. అంటే మొదటిసారి ఫోన్ చేసిన కొత్త రైతు విషయంలోనే వ్యవస్థ మౌనం వహిస్తుంది. పోస్ట్‌గ్రెస్ నోడ్ సెట్టింగులలో ఆల్వేస్ అవుట్‌పుట్ డేటా అన్న మీట ఉంది. దాన్ని ఆన్ చేస్తే రికార్డు దొరకనప్పుడు ఖాళీ ఐటమ్ ఒకటి ముందుకు వెళుతుంది, ఇఫ్ నోడ్ దాన్ని గుర్తించి కొత్త వారి క్యూకు పంపుతుంది. అంతకంటే నాకు నచ్చిన పద్ధతి, క్వెరీనే ఎప్పుడూ ఒక రికార్డు తిరిగిచ్చేలా రాయడం. నంబరు దొరకకపోతే సాధారణ క్యూ పేరుతో ఒక రికార్డు ఇచ్చే ఫంక్షన్‌ను డేటాబేస్‌లోనే రాసి పెట్టాం. వర్క్‌ఫ్లోను రేపు ఎవరు మార్చినా ఆ భరోసా చెక్కుచెదరదు.

మరో సూక్ష్మం 2023 జూలైలో వచ్చిన 1.0 వెర్షన్‌కు సంబంధించినది. అంతకుముందు ఒక నోడ్ నుంచి రెండు శాఖలు చీలితే రెండింటిలోని నోడ్లు ఒకదాని తర్వాత ఒకటిగా, అటొకటి ఇటొకటి నడిచేవి. 1.0 నుంచి తయారు చేసే వర్క్‌ఫ్లోలలో పై శాఖ మొత్తం పూర్తయ్యాకే కింది శాఖ మొదలవుతుంది. జవాబు పంపే నోడ్ కింది శాఖలో ఉంటే, పై శాఖలోని నెమ్మది పని ముగిసే వరకూ ఫోన్ చేసిన మనిషి ఆగవలసిందే. పాత వర్క్‌ఫ్లోలకు పాత క్రమమే కొనసాగుతుంది, కావాలంటే సెట్టింగులలో మార్చుకోవచ్చు. జవాబు నోడ్‌ను అన్నిటికంటే ముందుంచడమే సురక్షితం.

నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పదలచుకున్నది ఫోను నంబర్ల సంగతి. ఈ అనుసంధానంలో నిజమైన శ్రమ అక్కడే ఉంది. నోడ్లు కలపడం ఒక మధ్యాహ్నం పని; నంబర్లు శుభ్రం చేయడానికి ఒక సీజను పట్టింది. టెలిఫోనీ వైపు నుంచి అదే నంబరు ఒకసారి +91తో, ఒకసారి ముందు 0తో, ఒకసారి వట్టి పది అంకెలుగా వస్తుంది. దారిలో ఏ ఆపరేటర్ నెట్‌వర్క్ మీదుగా వచ్చిందన్న దాన్ని బట్టి మారుతుంది. మన వైపు పరిస్థితి ఇంకా కష్టం. కౌంటర్ దగ్గర బిల్లు రాసే తొందరలో ఒకే గడిలో రెండు నంబర్లు గీత పెట్టి రాసినవి, మధ్యలో ఖాళీ వదిలినవి, నంబరు పక్కనే "కొడుకుది" అని చేర్చినవి వందల్లో కనిపించాయి. అంకెలు కాని గుర్తులన్నీ తీసేసి, చివరి పది అంకెలను పోల్చడం మన దేశంలో బాగా పనిచేసే సూత్రం, ఎందుకంటే ల్యాండ్‌లైన్లు కూడా దీనికి లోబడతాయి. భీమవరం ఎస్‌టీడీ కోడ్ 08816లో ముందున్న సున్నా తీసేస్తే నాలుగు అంకెలు మిగులుతాయి, దానికి ఆరంకెల స్థానిక నంబరు కలిపితే పది అవుతుంది.

ఈ సూత్రానికి ఒక హద్దుంది. మా ప్రాంతంలో చెరువులున్న కుటుంబాల పిల్లలు చాలామంది అమెరికాలో ఉంటారు, తండ్రికి తోచకపోతే వారే అక్కడి నుంచి మాకు ఫోన్ చేస్తారు. అమెరికా నంబరు కూడా దేశ కోడ్ తీసేశాక పది అంకెలే. చివరి పది అంకెలు చూసి ఊరుకుంటే అక్కడి నంబరు ఇక్కడి మరో రైతు నంబరుతో కలిసిపోయే అవకాశం ఉంది. కాబట్టి దేశ కోడ్ వచ్చినప్పుడు దాన్ని ముందుగా చూసి, నంబరును అంతర్జాతీయ రూపంలో, అంటే ప్లస్ గుర్తు తర్వాత గరిష్ఠంగా పదిహేను అంకెలు ఉండే ఈ.164 పద్ధతిలో, డేటాబేస్‌లో దాచాలి. పది అంకెల పోలిక భారతీయ నంబరు అని తేలిన తర్వాతే చేయాలి. ఇలా శుభ్రం చేసిన నంబరు కోసం విడిగా ఒక కాలమ్, దాని మీద త్వరగా వెతకడానికి ఒక ఇండెక్స్ పెట్టుకుంటే వెతుకులాట మిల్లీసెకన్లలో ముగుస్తుంది.

నంబరుకూ మనిషికీ ఒకటికి ఒకటి అన్న సంబంధం ఉండదని కూడా ఒప్పుకోవాలి. చెరువు ఒకరిది, లీజుకు చేసేది ఇంకొకరు, రాత్రి ఫోన్ చేసేది అక్కడ కాపలా ఉండే మనిషి. అదే కాపలా మనిషి రెండు చెరువులు చూస్తుండవచ్చు. కస్టమర్ టేబుల్‌లో ఫోను అన్న ఒకే గడి ఉంటే ఇదంతా ఇమడదు. నంబర్లకు వేరే టేబుల్ పెట్టి, ఆ నంబరు యజమానిదా, లీజుదారుదా, కాపలా మనిషిదా, ఏ ఏ చెరువులకు సంబంధించినదో అన్న వివరం అందులో ఉంచాం. దీని వల్ల కలిగిన మేలు ఏ ఆటోమేషన్ కంటే పెద్దది. ఫోను దగ్గర కూర్చునే అమ్మాయి ఇప్పుడు తెర చూసి, "కాళ్ల ఊరి దగ్గర చెరువు గురించేనా అండి, రెండు హెచ్‌పీ ఏరేటరా?" అని అడుగుతుంది. అవతలి నుంచి, "అదేనమ్మా, స్టార్టర్ ఆన్ చేయగానే ట్రిప్ అయిపోతోంది" అని సమాధానం వస్తుంది. మొదటి రెండు మాటల్లోనే అసలు విషయం మొదలవుతుంది. పాత జాబ్ కార్డులో వైండింగ్ మార్చిన తేదీ ఆమె కళ్ల ముందే ఉంటుంది కనుక మెకానిక్‌తో పాటు ఏ సామాను పంపాలో కూడా అప్పుడే నిర్ణయమవుతుంది.

జవాబు రాని పరిస్థితిని ముందే ఊహించి వ్యవస్థను కట్టాలి. డేటాబేస్ అందకపోయినా, సర్వర్ ఆగినా, ఇంటర్నెట్ తెగినా రైతు కాల్ మాత్రం ఎవరో ఒకరికి కలవాలి. టెలిఫోనీ సంస్థ దగ్గర పెట్టే డిఫాల్ట్ దారిని పగలైతే సిబ్బంది అందరికీ, రాత్రయితే డ్యూటీ మెకానిక్‌కు పెట్టాం. పోస్ట్‌గ్రెస్‌లో ఎన్‌ఎయిట్‌ఎన్ వాడే రోల్‌కు, అంటే దాని లాగిన్ ఖాతాకు, స్టేట్‌మెంట్ టైమ్‌అవుట్ రెండు సెకన్లుగా నిర్ణయించాం. క్వెరీ అంతకు మించి సాగితే డేటాబేసే దాన్ని ఆపేస్తుంది. మా అసలు డేటాబేస్ ఆఫీసులోనే ఉంటుంది, బిల్లింగు దాని మీదే నడుస్తుంది. వానాకాలంలో కేబుల్ తెగి బ్రాడ్‌బ్యాండ్ పోవడం ఇక్కడ అరుదేమీ కాదు. అందుకని నంబర్లు, కస్టమర్లు, చెరువుల టేబుళ్లను మాత్రం లాజికల్ రెప్లికేషన్ ద్వారా క్లౌడ్‌లోని చిన్న సర్వర్‌కు నకలు చేస్తున్నాం. 2017లో వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 10 నుంచి ఈ సదుపాయం దానిలోనే ఉంది, ఎంచుకున్న టేబుళ్లను మాత్రమే పంపవచ్చు. ఎన్‌ఎయిట్‌ఎన్ ఆ నకలునే చదువుతుంది. ఆఫీసు నెట్ పోయినా ఫోను రైతును గుర్తుపడుతూనే ఉంటుంది.

కాల్ ముగిశాక జరిగే పనుల స్వభావం వేరు. ఇక్కడ వేగం అవసరం లేదు, ఒక్కటి కూడా పోకపోవడం, ఒకటి రెండు కాకపోవడం అవసరం. టెలిఫోనీ సంస్థ కాల్ ఎత్తారా లేదా, ఎంతసేపు సాగింది, రికార్డింగు ఎక్కడుంది అన్న సమాచారాన్ని వేర్వేరు సమయాల్లో పంపుతుంది. దానికి మన నుంచి అందినట్టు జవాబు రాకపోతే అదే సమాచారాన్ని మళ్లీ పంపుతుంది. ఒక్కోసారి వరుస కూడా తప్పుతుంది. అందువల్ల కాల్ ఐడీని యూనిక్ కీగా, అంటే టేబుల్‌లో రెండుసార్లు రాకూడని గుర్తుగా, పెట్టి, రికార్డు లేకపోతే కొత్తగా చేర్చడం, ఉంటే ఖాళీగా ఉన్న గడులను మాత్రమే నింపడం అన్న పద్ధతిని పాటిస్తున్నాం. పోస్ట్‌గ్రెస్‌లో ఆన్ కాన్‌ఫ్లిక్ట్ అన్న వాక్యంతో ఇది ఒకే ఆదేశంలో సాధ్యమవుతుంది. ఎన్నిసార్లు పంపినా ఫలితం మారదు. ఈ వర్క్‌ఫ్లోలో వెబ్‌హుక్ నోడ్ జవాబును వెంటనే పంపేలా పెట్టాలి. మొత్తం పని పూర్తయ్యే వరకు ఆగితే అవతలి వారు విసిగి రెండోసారి పంపుతారు. రికార్డింగు లింకు కాల్ ముగిసిన కాసేపటికి గాని సిద్ధం కాదు కనుక దానికి విడి వర్క్‌ఫ్లో ఉంది. ఆడియో ఫైలును డేటాబేస్‌లో దాచడం లేదు, దాని చిరునామాను మాత్రమే రాస్తున్నాం.

మిస్డ్ కాల్ మన దగ్గర ఒక భాష. చాలామంది రైతులు ఒక రింగ్ ఇచ్చి పెట్టేస్తారు, మనం తిరిగి చేస్తామని వారి నమ్మకం. ఆ నమ్మకాన్ని నిలబెట్టే వర్క్‌ఫ్లో మాకు అన్నిటికంటే విలువైనదైంది. ఎత్తని ప్రతి కాల్‌కూ కాల్‌బ్యాక్ టేబుల్‌లో ఒక రికార్డు పడుతుంది. దాన్ని అందుకోవడానికి రెండు దారులున్నాయి. పోస్ట్‌గ్రెస్ ట్రిగర్ నోడ్ డేటాబేస్‌లోని లిజెన్, నోటిఫై సదుపాయంతో మార్పు జరిగిన క్షణంలోనే వర్క్‌ఫ్లోను లేపుతుంది. వినడానికి అది చాలా బాగుంటుంది. కానీ నోటిఫై పంపిన క్షణంలో వినేవారు కలిసి లేకపోతే ఆ కబురు ఎక్కడా నిల్వ ఉండదు. సర్వర్ అప్‌డేట్ కోసం ఆపిన ఐదు నిమిషాల్లో పడిన మిస్డ్ కాల్స్ అలాగే ఉండిపోతాయి. అందువల్ల నేను నిమిషానికోసారి నడిచే షెడ్యూల్ ట్రిగర్‌నే ఎంచుకున్నాను. నిమిషం ఆలస్యం రైతుకు తెలియదు, పోయిన కాల్ తెలుస్తుంది. రెండు పరుగులు ఒకే రికార్డును పట్టుకోకుండా ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్ అన్న సదుపాయం ఉంది, పోస్ట్‌గ్రెస్ 9.5 వెర్షన్ నుంచి ఇది దొరుకుతోంది. ఎన్‌ఎయిట్‌ఎన్‌లో ఒక నోడ్‌లో పెట్టిన లాక్ తర్వాతి నోడ్ వరకు నిలవదు కాబట్టి, రికార్డును ఎంచుకోవడం, దాని స్థితిని "చేస్తున్నాం" అని మార్చడం, వివరాలు తిరిగివ్వడం మూడూ ఒకే అప్‌డేట్ ఆదేశంలో జరగాలి.

ఆ తర్వాత టెలిఫోనీ ఏపీఐకి, అంటే ఆ సంస్థ మన సాఫ్ట్‌వేర్ నుంచి ఆదేశాలు అందుకునే ద్వారానికి, ఆదేశం వెళితే, అది ముందు మా సిబ్బందికి రింగ్ చేసి, వారు ఎత్తాక రైతుకు కలుపుతుంది. ఈ ఒక్క నోడ్‌కు మాత్రం విఫలమైతే మళ్లీ ప్రయత్నించే రీట్రై ఆన్ ఫెయిల్ అన్న మీట ఆపి ఉంచాలి. జవాబు రాలేదంటే కాల్ వెళ్లలేదని అర్థం కాదు. వెళ్లి ఉండవచ్చు, కబురు మాత్రం మనకు అందకపోయి ఉండవచ్చు. మళ్లీ ప్రయత్నిస్తే రైతుకు ఒకేసారి రెండు ఫోన్లు వస్తాయి. అలాంటి రికార్డులను "తేలలేదు" అన్న స్థితిలో పెట్టి, మనిషి చూసి నిర్ణయించేలా వదిలేశాం. డేటాబేస్ చదివే నోడ్లకు రీట్రై నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు.

భద్రత గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. వెబ్‌హుక్ చిరునామా ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచిన తలుపు. ప్రతి విన్నపంతో పాటు ఒక రహస్య సంకేతం అడిగే హెడర్ ఆథెంటికేషన్ తప్పనిసరిగా పెట్టాలి; టెలిఫోనీ సంస్థ తన ఐపీ చిరునామాలు ఇస్తే వాటికి మాత్రమే అనుమతించాలి. ట్విలియో వంటి టెలిఫోనీ సంస్థలు ప్రతి విన్నపానికీ డిజిటల్ సంతకం జోడిస్తాయి, అటువంటి చోట దాన్ని సరిచూసుకోవాలి. పోస్ట్‌గ్రెస్ నోడ్‌లో క్వెరీ రాసేటప్పుడు బయటి నుంచి వచ్చిన నంబరును నేరుగా వాక్యంలో అతికించకుండా క్వెరీ పారామీటర్స్ గడిలో ఇవ్వాలి. అతికిస్తే ఆ గడిలో నంబరుకు బదులు ఎవరైనా ఎస్‌క్యూఎల్ ఆదేశం పంపినా అది నడిచిపోతుంది. ఎన్‌ఎయిట్‌ఎన్‌కు ఇచ్చిన రోల్ ఒక వ్యూను, అంటే ఎంచుకున్న వివరాలను మాత్రమే చూపే పట్టికను, చదవగలదు, కాల్ లాగ్, కాల్‌బ్యాక్ టేబుళ్లలో రాయగలదు, అంతకు మించి ఏమీ చేయలేదు. బిల్లులు, బాకీలు దానికి కనిపించవు.

సొంత సర్వర్‌లో పెట్టుకున్నప్పుడు తొలి రోజే చూసుకోవలసిన సెట్టింగులు కొన్ని ఉన్నాయి. మొదటిది టైమ్‌జోన్. ఎన్‌ఎయిట్‌ఎన్ డిఫాల్ట్ టైమ్‌జోన్ న్యూయార్క్. దాన్ని మార్చకపోతే పొద్దున తొమ్మిదికి నడవవలసిన వర్క్‌ఫ్లో మన సాయంత్రం ఆరున్నరకో, చలికాలమైతే ఏడున్నరకో నడుస్తుంది. రెండోది ఎన్‌క్రిప్షన్ కీ. మనం దాచిన పాస్‌వర్డులన్నీ ఆ కీతోనే భద్రపడతాయి. సర్వర్ మార్చేటప్పుడు డేటాను బ్యాకప్ నుంచి తెచ్చి కీని వదిలేస్తే ఆ పాస్‌వర్డులు ఇక తెరుచుకోవు. కీని వేరే చోట రాసి ఉంచాలి. మూడోది ఎగ్జిక్యూషన్ లాగ్. ప్రతి పరుగులో వచ్చిన నంబరు, పేరు, ఊరు అందులో నిలిచి ఉంటాయి. డిఫాల్ట్‌గా పద్నాలుగు రోజుల తర్వాత చెరిగిపోతాయి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం వచ్చాక దీన్ని చిన్న విషయంగా చూడలేము. సక్రమంగా ముగిసిన పరుగుల డేటాను దాచకుండా, లోపం వచ్చినవి మాత్రమే ఉంచేలా మార్చాం. వెబ్‌హుక్‌కు టెస్ట్ చిరునామా, ప్రొడక్షన్ చిరునామా వేర్వేరని, టెస్ట్ చిరునామా తెర ముందు కూర్చుని వింటున్నంతసేపే పలుకుతుందని టెలిఫోనీ సంస్థకు చిరునామా ఇచ్చేవారికి ముందే చెప్పాలి.

ఎస్సెమ్మెస్ విషయం క్లుప్తంగా. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం వ్యాపార సందేశాల పంపకందారు పేరు, సందేశం నమూనా రెండూ టెలికాం ఆపరేటర్ల డీఎల్‌టీ అన్న నమోదు వేదికలో నమోదై ఉండాలి. వర్క్‌ఫ్లోలో సందేశం రాసే వ్యక్తి ఒక పదం మార్చినా నమూనాతో సరిపోక ఆగిపోతుంది. మేము ఆ వాక్యాన్ని నోడ్‌లో కాకుండా డేటాబేస్ టేబుల్‌లో, నమూనా నంబరుతో పాటు ఉంచాం.

ఇన్నేళ్ల వాడకంలో నాకు తృప్తినివ్వని అంశాలు కూడా ఉన్నాయి. వర్క్‌ఫ్లో పెద్దదయ్యే కొద్దీ గీతల చిక్కు చూసి అర్థం చేసుకోవడం కోడ్ చదవడం కంటే కష్టమవుతుంది. వారంటీ వర్తిస్తుందా లేదా అన్న లెక్కను నోడ్లతో చేయవచ్చు, కానీ ఆ నిర్ణయం డేటాబేస్ ఫంక్షన్‌లో ఉంటేనే బిల్లింగూ ఫోనూ ఒకే మాట చెబుతాయి. తరచుగా వచ్చే వెర్షన్లలో ఏం మారిందో చదివి, వేరే సర్వర్‌లో పరీక్షించి గాని పైకి ఎక్కించడానికి లేదు. చిన్న సంస్థకు అదొక నిరంతర బాధ్యత. వర్క్‌ఫ్లో విఫలమైతే కబురు చేసే ఎర్రర్ వర్క్‌ఫ్లో అన్న ఏర్పాటు మాత్రం చాలా ఉపయోగకరం. దాని కబురు కూడా ఇంటర్నెట్ మీదే రావాలి కనుక, సర్వర్ మొత్తం ఆగితే తెలియడానికి బయటి నుంచి గమనించే వేరే సేవ ఒకటి పెట్టుకున్నాం.

ఆస్టరిస్క్ అన్న సాఫ్ట్‌వేర్‌తో సొంత ఫోను ఎక్స్ఛేంజ్ నడుపుకునేవారికి నా సలహా వేరు. మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌లతో కలిపే ఓడీబీసీ ద్వారా, కాల్ ఎటు వెళ్లాలో రాసుకునే డయల్‌ప్లాన్ నుంచే డేటాబేస్‌ను అడగగలదు, కాల్ వివరాలను నేరుగా టేబుల్‌లో రాయగలదు. మోగుతున్న కాల్‌కు దారి చూపడానికి మధ్యలో మరో సాధనం అక్కర్లేదు. ఎన్‌ఎయిట్‌ఎన్‌ను కాల్‌బ్యాక్‌లకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే వాడుకుంటే చాలు. అయితే ఆస్టరిస్క్‌ను చూసుకునే మనిషి దగ్గర ఉండాలి, భీమవరం వంటి పట్టణంలో అలాంటివారు దొరకడం కష్టం కనుకనే మేము క్లౌడ్ టెలిఫోనీ వైపు వెళ్లాం.

క్లౌడ్ టెలిఫోనీ తీసుకునేవారు ఒప్పందం మీద సంతకం పెట్టకముందే కొన్ని విషయాలు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. కాల్ మోగుతుండగా మా వెబ్‌హుక్‌ను అడిగి, జవాబును బట్టి దారి మార్చే సదుపాయం మేము తీసుకునే ప్లాన్‌లోనే ఉందా, పై ప్లాన్‌లోనా? జవాబు కోసం ఎన్ని సెకన్లు ఆగుతారు, ఆ తర్వాత కాల్ ఎటు వెళుతుంది? కాల్ ఐడీ అన్ని సమాచారాల్లోనూ మారకుండా వస్తుందా? అందలేదనుకున్న సమాచారాన్ని ఎన్నిసార్లు, ఎంత వ్యవధిలో మళ్లీ పంపుతారు? రికార్డింగులు ఎంతకాలం ఉంచుతారు, మేము మానేస్తే వాటిని మాకు ఇస్తారా? మేము మొదట మాట్లాడిన ఒక సంస్థ ప్రతినిధి రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయారు, వారి సాంకేతిక విభాగం కూడా వారాల తరబడి చెప్పలేదు. అందుకే వారి దగ్గర తీసుకోలేదు.